హ్యారీ పోటర్ సినిమాలు: ఏ వయసుకి ఏది

హ్యారీ పోటర్ సినిమాలు ఎనిమిదింటినీ ఒకే గాటన కట్టి "పిల్లల సినిమాలు" అనేస్తారు. అక్కడే పొరపాటు జరుగుతోంది. మొదటిది 2001 నవంబరులో, చివరిది 2011 జూలైలో వచ్చాయి. మొదటి సినిమాలో హ్యారీకి పదకొండేళ్లు, చివరిదాన్లో పదిహేడు. అప్పట్లో థియేటర్లో చూసిన పిల్లలు హ్యారీతో పాటే పెరిగారు, కథ ముదిరే కొద్దీ వాళ్లూ ముదిరారు. ఇప్పుడు ఓటీటీలో ఒకటి అయిపోగానే ఇంకొకటి మొదలవుతుంది. వేసవి సెలవుల్లో ఏడేళ్ల పిల్ల తంత్రవిద్యల బడి చూడ్డానికి కూర్చుని, వారం తిరక్కుండానే శవాలు పడి ఉన్న యుద్ధరంగానికి చేరుతుంది. అందుకే వయసు సిరీస్‌కి కాదు, ఒక్కో సినిమాకీ విడిగా చూసుకోవాలి.

సర్టిఫికెట్ చూస్తే సరిపోదా? సరిపోదు. బ్రిటన్‌లో మొదటి మూడింటికి పీజీ (పెద్దల సలహాతో చూడాలి), తర్వాతి ఐదింటికి 12ఏ (పన్నెండేళ్లలోపు వాళ్లు పెద్దవాళ్లతోనే చూడాలి) ఇచ్చారు. అమెరికాలో నాలుగు, ఐదు, ఏడు, ఎనిమిది పీజీ-13 (పదమూడేళ్లలోపు వాళ్లకి తగకపోవచ్చని హెచ్చరిక) కాగా, ఆరోదానికి మాత్రం మళ్లీ పీజీయే. ఆ ఆరోదాన్లోనే గుహలో నీళ్లలోంచి శవాలు లేచి హ్యారీని లోపలికి లాగేస్తాయి, బాత్రూమ్‌లో హ్యారీ తోటి విద్యార్థి డ్రాకో నెత్తుటి మడుగులో పడి ఉంటాడు, హెడ్మాస్టర్ డంబుల్‌డోర్ చనిపోతాడు. మన దేశంలో 2021 నిబంధనల ప్రకారం ఓటీటీల్లో 13+, ఆపై వాటికి పేరెంటల్ లాక్ ఉండాలి. అది వాడుకోండి. పిల్లలకి వేరే ప్రొఫైల్ పెట్టి, ఆటోప్లే ఆపేయండి.

మొదటి సినిమా ఏడేళ్లు దాటినవాళ్లకి చూపించొచ్చు. నిడివి 152 నిమిషాలు కాబట్టి క్రిస్మస్, అద్దం ఘట్టం అయ్యాక ఆపి, మిగతాది మర్నాడు పెట్టండి. రెండు చోట్ల పక్కనే ఉండాలి. ఒకటి, అడవిలో ముసుగు మనిషి యూనికార్న్ నెత్తురు తాగే చోట. రెండోది, ఉపాధ్యాయుడు క్విరెల్ తలపాగా విప్పి తల వెనకున్న ముఖం చూపించే చోట. ఆ తర్వాత హ్యారీ చేతులు తగిలి క్విరెల్ బూడిదై రాలిపోతాడు. ఈ సినిమాకి మూలమైన పుస్తకంలో ఇలా ఉండదు. అక్కడ హ్యారీ స్పృహ తప్పుతాడు, మిగతాది తర్వాత డంబుల్‌డోర్ నోట వింటాం. తెర మీద మాత్రం ఒక పిల్లవాడి చేతుల్లోనే మనిషి రాలిపోవడం కళ్లకి కడుతుంది. "హ్యారీ చంపేశాడా?" అని పిల్లలు అడుగుతారు. ఆసుపత్రి గదిలో హ్యారీ తల్లి ప్రేమ గురించి డంబుల్‌డోర్ చెప్పే మాటలే దానికి జవాబు. అక్కడిదాకా చూడకుండా లేవనివ్వకండి.

రెండోది ఎనిమిదేళ్లకి. గోడ మీద నెత్తుటి రాతలు, బాసిలిస్క్ అనే రాక్షస పాము ఉన్నా, పిల్లలు ఎక్కువగా జడిసేది అడవిలో సాలీళ్ల గుంపుకే. సాలెపురుగంటే ముందే భయమున్న పిల్లలైతే ఇంకో ఏడాది ఆగండి.

మూడోది తొమ్మిదేళ్లకి. ఇందులో వచ్చే డిమెంటర్లనే జీవులు మాట్లాడవు, ముఖముండదు, సంతోషాన్ని పీల్చేస్తాయి. ఈ భయం పెద్దవాళ్ల దిగులుకి దగ్గరగా ఉంటుంది. అయితే దాన్ని ఎలా ఎదుర్కోవాలో కూడా ఈ సినిమానే నేర్పుతుంది. ఎవరు దేనికి భయపడితే ఆ రూపమెత్తే బోగర్ట్ పాఠంలో పిల్లలు తమ భయాన్ని నవ్వులాటగా మార్చేస్తారు. చూశాక "నీ బోగర్ట్ ఎలా ఉంటుంది? దానికేం తొడుగుతావు?" అని అడగండి, బొమ్మ గీయించండి. ఎనిమిదింటిలో పిల్లలకి అన్నిటికన్నా మేలు చేసే ఘట్టం ఇదేనని నా నమ్మకం.

నాలుగోదానికి గట్టి గీత గీయాలి. పదకొండేళ్లలోపు వద్దు. డ్రాగన్‌ని చూసి ఎవరూ పెద్దగా బెదరరు. కానీ శ్మశానంలో హ్యారీ తోటి విద్యార్థి సెడ్రిక్‌ని ఒక్క పచ్చటి మెరుపుతో, ఒక్క క్షణంలో చంపేస్తారు. తర్వాత హ్యారీ శవంతో తిరిగొస్తే, సంగతి తెలియని జనం ఇంకా చప్పట్లు కొడుతుంటారు, బ్యాండు మోగుతుంటుంది. అప్పుడు సెడ్రిక్ తండ్రి ఏడుపు వినిపిస్తుంది. పిల్లల్ని వెంటాడేది విలన్ వోల్డెమార్ట్ ముఖం కన్నా ఆ ఏడుపే. ఆరేడేళ్ల వరకూ వికారంగా కనిపించేదంటే భయం. ఆ తర్వాత నిజంగా జరగగలిగేదంటే భయం. రెండు రోజులుగా చూడాలంటే డ్యాన్సు ఘట్టం అయ్యాక ఆపండి.

ఐదోది పదకొండు, పన్నెండేళ్లకి. అంబ్రిడ్జ్ అనే టీచర్ శిక్షగా రాయించే వాక్యం హ్యారీ చేతి మీదే కోసుకుపోతుంది. బెత్తం దెబ్బలు మన బడుల్లో కొత్త కాదు కాబట్టి పిల్లలకిది వెంటనే అందుతుంది. విద్యాహక్కు చట్టం, 2009 బడిలో శారీరక శిక్షని నిషేధించిందని అప్పుడే చెప్పండి, "నీకెవరైనా ఇలా చేశారా?" అని అడగండి.

ఆరో సినిమా నుంచి ఎనిమిదోదాని వరకూ పన్నెండు, పదమూడేళ్లు నిండాకే. ఏడోదాని మొదట్లోనే హ్యారీ స్నేహితురాలు హెర్మయొనీ తన అమ్మానాన్నల జ్ఞాపకాల్లోంచి తనని చెరిపేస్తుంది, గోడ మీది ఫోటోల్లోంచి తన బొమ్మ మాయమవుతుంది. పుస్తకంలో ఇది మాటల్లోనే వస్తుంది. తెర మీద నెత్తుటి చుక్క లేదు, అరుపు లేదు, అయినా సున్నితమైన పిల్లలు ఇక్కడే కుమిలిపోతారు. తర్వాత హెర్మయొనీని హింసించడం, హ్యారీకి సాయం చేసే డాబీ చావు. ఎనిమిదోదాన్లో స్నేప్ అనే ఉపాధ్యాయుడి చావు, మనకి తెలిసినవాళ్ల శవాలు వరసగా.

ఏది చూసినా పగటిపూటే చూడండి. చివరి సినిమాలు చీకటి చీకటిగా ఉంటాయి, కనిపించట్లేదని గదిలో లైట్లార్పేస్తాం, భయం రెట్టింపవుతుంది. లైటు ఉంచి టీవీ వెలుగు పెంచండి. భయపడే చోట పిల్లల కళ్లు మూయకండి. కళ్లు మూసినా శబ్దం చెవిన పడుతూనే ఉంటుంది, ఊహలో బొమ్మ ఇంకా పెద్దదవుతుంది. బదులుగా సౌండ్ బాగా తగ్గించండి, భయంలో సగం సంగీతమే. సినిమాని భయం మధ్యలో ఆపి పడుకోబెట్టకండి. ఆ ఘట్టం తెగేదాకా చూడనిచ్చి, తర్వాత ఒక గంటైనా మెలకువగా ఉండనివ్వండి.

ఇంట్లో పన్నెండేళ్ల అక్క, ఆరేళ్ల తమ్ముడు ఉంటే అక్కకి నాలుగోది పెట్టినప్పుడు తమ్ముణ్ని నిజంగానే వేరే చోటికి తీసుకెళ్లండి. "వాడు ఆడుకుంటున్నాడులే, చూడట్లేదు" అనుకుంటాం. బొమ్మలతో ఆడుతూనే వాడు అన్నీ వింటాడు, అసలైన చోట తలెత్తుతాడు. ముందు వెనకలు తెలియకుండా చూసిన ఆ ముక్కే వాణ్ని ఎక్కువ జడిపిస్తుంది.