శాసనాల డేటాబేస్: శక సంఖ్యకు సంవత్సరం పేరే సాక్షి

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల శాసనాల వివరాలను లిబ్రేఆఫీస్ బేస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తున్నాను. కొన్ని అచ్చయిన సంపుటాల్లోంచి తీసుకున్నవి, కొన్ని నేను పోయి ఫొటో తీసుకొని చదువుకున్నవి. ఇదంతా మొదట లిబ్రేఆఫీస్‌లోని స్ప్రెడ్‌షీట్ అయిన కాల్క్‌లో ఉండేది. శాసనాలు, ఊళ్లు, వ్యక్తులు, దానాలు అని టేబుళ్లుగా విడదీయడం పూర్తయింది. ఇక అసలు పని తేదీలది.

మన శాసనాల్లో ఏడాది సాధారణంగా రెండు విధాలుగా ఉంటుంది. శక సంఖ్య ఒకటి, దాని పక్కనే విభవ, విరోధి అంటూ సంవత్సరం పేరు ఒకటి. రాయి అరిగి అంకె సరిగా కనపడకపోయినా పేరు నిలవొచ్చు, పేరు పోయినా అంకె మిగలొచ్చు. రెండూ ఉన్నచోట ఒకదాన్ని ఇంకొకటి సరిచూడాలి. ఆ సరిచూపు నేను వేళ్ల మీద లెక్కపెట్టకుండా, శాసనం ఎక్కించగానే డేటాబేస్ తనే చేసి చెప్పాలి. కొన్ని నెలలుగా నా సాయంత్రాలన్నీ దీనికే పోతున్నాయి.

జూన్

ముందు ఊళ్ల టేబుల్ సంగతి. మనకు పిల్లలమర్రులు రెండున్నాయి. సూర్యాపేట దగ్గర కాకతీయుల కాలపు గుళ్లున్న పిల్లలమర్రి ఒకటి, మహబూబ్‌నగర్ పక్కన పెద్ద మర్రిచెట్టున్న పిల్లలమర్రి ఒకటి. అందుకే ఊరి పేరును గుర్తుగా పెట్టుకోలేం, ప్రతి ఊరికీ ఒక ఐడీ ఉండాలి. జిల్లాలకు కూడా రెండు కాలమ్‌లు పెట్టాను, పాత జిల్లా, ఇప్పటి జిల్లా అని. పాత సంపుటాల్లో కొలనుపాక నల్లగొండ జిల్లాలో, అలంపురం మహబూబ్‌నగర్ జిల్లాలో ఉంటాయి. 2016 అక్టోబరు 11న జిల్లాలు మారాక కొలనుపాక యాదాద్రి భువనగిరికి, అలంపురం జోగులాంబ గద్వాలకు పోయాయి. రెండు కాలమ్‌లూ ఉంటే పుస్తకంలో వెతికేటప్పుడు పాతది, బస్సెక్కేటప్పుడు కొత్తది చూసుకోవచ్చు.

టూల్స్ మెనూలో రిలేషన్‌షిప్స్ తెరిచి, ఊళ్ల ఐడీని శాసనాల టేబుల్‌లోని ఊరి ఐడీ మీదికి లాగితే బంధం పడుతుంది. ఇక శాసనాలున్న ఊరిని పొరపాటున తీసేయబోయినా బేస్ ఒప్పుకోదు. ఫారంలో మాత్రం ఐడీ బదులు ఊరి పేరు కనపడాలి. దానికి లిస్ట్ బాక్స్ పెట్టి, లిస్ట్ కంటెంట్ దగ్గర రాసే క్వెరీలో (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలో) మొదట పేరు, తర్వాత ఐడీ తీసుకోవాలి. ఏ కాలమ్ విలువ నిల్వ కావాలో చెప్పే బౌండ్ ఫీల్డ్‌లో 1 అని ఇవ్వాలి. అక్కడ లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి 1 అంటే రెండో కాలమ్.

జూలై

ఈ నెల పని నాకు బాగా నచ్చింది. అరవై సంవత్సరాల పేర్లకు ఒక టేబుల్ చేశాను. ప్రభవకు 1, విభవకు 2, అలా క్షయ కంటే ముందున్న క్రోధనకు 59 దాకా. చివరి క్షయకు, కొందరు అక్షయ అంటారు, 60 ఇవ్వకుండా 0 ఇచ్చాను. ఎందుకంటే సూత్రం ఇది: శక సంఖ్యకు 12 కలిపి 60తో భాగిస్తే వచ్చే శేషమే సంవత్సరం వరుస సంఖ్య. అరవయ్యో ఏడాదికి శేషం సున్నా. టేబుల్‌లోనే సున్నా ఉంటే క్వెరీలో దానికోసం వేరే షరతు రాయక్కర్లేదు.

బేస్ లోపల పనిచేసే డేటాబేస్ ఇంజన్ హెచ్‌ఎస్‌క్యూఎల్‌డీబీలో శేషానికి మాడ్ అనే ఫంక్షన్ ఉంది. ఒక వ్యూలో (టేబుల్‌లా వాడుకోగలిగే, దాచిపెట్టుకున్న క్వెరీలో) మాడ్ లెక్క ఒక కాలమ్‌గా తీసుకొని, రెండో వ్యూలో దాన్ని అరవై పేర్ల టేబుల్‌తో జాయిన్ చేశాను. రెండూ ఒకే క్వెరీలో ఇరికించే కంటే ఇలా రెండు మెట్లుగా చేస్తే ఎక్కడ తేడా వచ్చిందో చూసుకోవడం తేలిక. క్వెరీ నచ్చాక దానిపై రైట్ క్లిక్ చేసి క్రియేట్ యాజ్ వ్యూ అంటే సరిపోతుంది.

సూత్రాన్ని ముందు అందరికీ తెలిసిన శాసనాలతో పరీక్షించాను. హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం శక 1084. 12 కలిపితే 1096, శేషం 16, చిత్రభాను. శాసనంలో ఉన్నదీ చిత్రభానే. రామప్ప గుడి శాసనం శక 1135. శేషం 7, శ్రీముఖ. అదీ సరిపోయింది. ఇక మన నకిరేకల్ దగ్గరి చందుపట్ల శాసనం, రాణి రుద్రమదేవి మరణాన్ని చెప్పేది, శక 1211. శేషం 23, విరోధి. స్క్రీన్ మీద ఆ పేరు వచ్చినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

క్రీస్తుశకానికి మార్చేటప్పుడు నెల కూడా చూడాలి. మామూలుగా 78 కలుపుతాం. చందుపట్లది మార్గశిర మాసం కాబట్టి 1289 సరిపోతుంది, పండితులు లెక్కగట్టిన తేదీ ఆ ఏడాది నవంబరు 27. వేయిస్తంభాల గుడిది మాఘం. 78 కలిపితే 1162 వస్తుంది గానీ మాఘం వచ్చేసరికి జనవరి దాటుతుంది, అసలు తేదీ 1163 జనవరి 19. అందుకని వ్యూలో కేస్ వెన్ అనే షరతు పెట్టి మాఘ, ఫాల్గుణాలకు 79 కలిపించాను. పుష్యం డిసెంబరు, జనవరి రెంటిలోనూ పడుతుంది కనుక రెండు ఏళ్లూ చూపిస్తున్నాను. తిథి తేలేదాకా అక్కడ ఒకే ఏడాది రాయడం నాకు ఇష్టం లేదు.

ఆగస్టు

తేడాల క్వెరీ మొదలైంది. శాసనంలో చదివిన పేరు, లెక్కలో వచ్చిన పేరు వేరైతే ఆ వరుసలు మాత్రమే చూపిస్తుంది. తేడా ఎంతో కూడా ఒక కాలమ్‌లో చూపించాలి, అందులోనే విషయం ఉంటుంది. పై సూత్రం గడిచిన శక సంవత్సరాలకు, అంటే పూర్తయిన ఏళ్ల లెక్కకు. శాసనం నడుస్తున్న శక సంవత్సరాన్ని చెబితే అందులోని పేరు లెక్క కంటే ఒకటి వెనక ఉంటుంది. కాబట్టి ఒకటే తేడా ఉంటే కంగారు పడక్కర్లేదు, ‘వర్తమాన శకం కావచ్చు’ అని గుర్తు పెడుతున్నాను. అంతకంటే ఎక్కువుంటే ఫొటో మళ్లీ తెరిచి అంకెలు చూడాలి.

అరిగిపోయిన అంకెలకు ఇంకో ఏర్పాటు చేశాను. కాల్క్‌లో 900 నుంచి 1400 దాకా సంఖ్యలు కిందికి లాగి నింపి, కాపీ చేసి, బేస్‌లో టేబుళ్ల భాగంలో పేస్ట్ చేస్తే టేబుల్ చేయడానికి విజార్డ్ తనే తెరుచుకుంటుంది. అదే సంఖ్యను పక్కన టెక్స్ట్‌గా కూడా ఉంచాను. ఇప్పుడు కనపడని అంకె స్థానంలో అండర్‌స్కోర్ పెట్టి, ఎస్‌క్యూఎల్‌లో (డేటాబేస్‌ను అడిగే భాషలో) లైక్ అనే మాటతో వెతకొచ్చు. చందుపట్ల శాసనంలో పదుల స్థానం కనపడలేదనుకుందాం. 12, అండర్‌స్కోర్, 1 అని ఇచ్చి విరోధి అని అడిగితే రెండే జవాబులు వచ్చాయి, 1211, 1271. శక 1271 అంటే 1349, అప్పటికి కాకతీయ రాజ్యం పోయి పాతికేళ్లు దాటింది. కాబట్టి రుద్రమదేవి పేరున్న రాయికి 1211 ఒక్కటే మిగులుతుంది. పేరు, రాజు, ఒక్క అంకె పోయిన సంఖ్య ఉంటే చాలు, ఏడాది దొరుకుతుంది!

క్వెరీ డిజైన్ బొమ్మలో చేసేవాళ్లకు ఒక మాట. అక్కడ నక్షత్రం గుర్తు (*), ప్రశ్న గుర్తు (?) వాడతారు. ఎస్‌క్యూఎల్ రాసేచోట మాత్రం శాతం గుర్తు, అండర్‌స్కోర్.

ఇంకో చిక్కు కూడా ఉంది. కోలన్ పెట్టి పారామీటర్ (క్వెరీ నడిపేటప్పుడు ఇచ్చే విలువకు పేరు) రాస్తే బేస్ చిన్న పెట్టె తెరిచి విలువ అడుగుతుంది. కానీ రన్ ఎస్‌క్యూఎల్ కమాండ్ డైరెక్ట్‌లీ బటన్ నొక్కి ఉంటే అడగదు. క్లిష్టమైన లెక్కలకు ఆ బటన్ కావాలి, వెతకడానికి పారామీటర్ కావాలి. దీనికి దారి ఏమిటంటే, లెక్కంతా వ్యూలో దాచి, ఆ వ్యూ మీద మామూలు క్వెరీగా పారామీటర్ రాయడం.

సెప్టెంబరు

పానగల్లు పోయి వచ్చాను. ఛాయా సోమేశ్వరాలయం చూసుకొని, పచ్చల సోమేశ్వరాలయం దగ్గరి మ్యూజియంలో ఎక్కువసేపు ఉన్నాను. నేను రాయి ముందు కూర్చొని ట్యాబ్‌లో రాసుకుంటుంటే ఒక పెద్దాయన వచ్చి, ‘సారూ, ఇందుల మా ఊరి పేరేమన్న ఉన్నదా?’ అని అడిగారు. ఊరి పేరుతో వెతికే క్వెరీ ఎవరికి కావాలో అప్పుడు నాకు తెలిసింది. వచ్చిన రాత్రే దాన్ని ఫారం మీద మొదటి బటన్‌గా పెట్టాను.

తెలుగులో వెతకడం అంత తేలిక కాదు. పానగల్, పానగల్లు. నల్గొండ, నల్లగొండ. శాసన పాఠంలో ఱ ఉంటుంది, మనం ర టైపు చేస్తాం. అక్కడ న్ద ఉంటుంది, మనం ంద రాస్తాం. మూలపాఠాన్ని మార్చడం తప్పు, దాన్ని ముట్టుకోను. పక్కన ‘వెతుకు’ అనే కాలమ్ పెట్టి, రీప్లేస్ ఫంక్షన్‌తో ఇవన్నీ ఒకే రూపానికి తెచ్చి అందులో నింపుతున్నాను. ఊరి పేర్ల వేర్వేరు రూపాలకు వేరే టేబుల్ ఉంది, ఒక్కో ఊరికి ఎన్నయినా ఎక్కించొచ్చు.

చాళుక్య విక్రమ శకం కూడా ఇప్పుడు లెక్కలోకి వచ్చింది. కల్యాణి చాళుక్యుల కాలపు శాసనాలు కొన్ని శక సంఖ్య చెప్పకుండా ఈ శకమే చెబుతాయి. ఆరో విక్రమాదిత్యుడు మొదలుపెట్టినది, 1076లో. దాని సంఖ్యకు 997 కలిపితే శక సంఖ్య. మొదటి ఏడాదికి 998, శేషం 50, నల. అది నల సంవత్సరమే. అందుకని శకాల టేబుల్‌లో ‘కలపాల్సింది’ అనే కాలమ్ పెట్టి, శాలివాహన శకానికి 0, దీనికి 997 వేశాను. వ్యూలు ఏమీ మార్చకుండానే పనిచేస్తున్నాయి.

దానాల టేబుల్‌లో మర్తురు, ఖండుగ వంటి భూమి కొలతలను ఎకరాల్లోకి మార్చట్లేదు. కొలిచే గడ పొడవు ఒక్కోచోట ఒక్కోలా ఉండేది. గద్యాణం, మాడ, రూక అనే నాణేలను కూడా రాయి మీద ఎలా ఉంటే అలాగే పెడుతున్నాను.

ఫైలు జాగ్రత్తలు రెండు. ఫొటోలను డేటాబేస్‌లో పెట్టొద్దు. ఇమేజ్ కంట్రోల్‌ను టెక్స్ట్ ఫీల్డ్‌కు కలిపితే ఫొటో ఉన్న దారి మాత్రమే నిల్వ ఉంటుంది, ఫైలు తేలికగా ఉంటుంది. రెండోది, ఫారంలో రికార్డ్ సేవ్ అయినంత మాత్రాన సరిపోదు. మెయిన్ విండోలో కూడా సేవ్ నొక్కితేనే మార్పులు ఓడీబీ ఫైల్‌లోకి, అంటే బేస్ తన డేటా దాచుకునే ఫైల్‌లోకి, చేరతాయి. మా దగ్గర కరెంట్ ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి నాలుగైదు శాసనాలు ఎక్కించగానే ఆ సేవ్ నొక్కి, ఫైలును తేదీ పేరుతో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తున్నాను.

ఇక ఎక్కించాల్సినవి కొలనుపాక కన్నడ శాసనాలు. ఒకే రాయి మీద సంస్కృతం, కన్నడం రెండూ ఉన్నప్పుడు భాష అనే ఒక్క కాలమ్ చాలదు. అందుకే శాసనం ఐడీ, భాష ఐడీ మాత్రమే ఉండే చిన్న టేబుల్ చేసి సబ్‌ఫారంగా పెట్టాను. అక్కడి తేదీల్లో చాళుక్య విక్రమ శకం ఎంత ఉందో చూసి, తేడాల క్వెరీ ఏం పట్టిస్తుందో వచ్చే నెల రాస్తాను.