మాస్టారి కథ చదివిన నెల రోజులు

మాది శ్రీకాకుళం. కథలు చదివి ఆడియోగా పెడుతుంటాను. ఇన్నాళ్లూ బాగా పాత కథలే చదివాను. రచయిత పోయి 60 ఏళ్లు దాటితే కాపీరైట్ ఉండదు, ఎవరినీ అడగక్కర్లేదు. ఈసారి పట్టుకున్నది మాత్రం మన మధ్యే ఉన్న రచయిత కథ. 1997లో కథకులు కాళీపట్నం రామారావు గారు మా ఊళ్లో తెలుగు కథల కోసం పెట్టిన లైబ్రరీ, కథానిలయంలో, ఒక పాత పత్రికలో కనిపించింది.

ఆ కథ రాసినాయన రిటైరైన టీచరు, మాస్టారనే పిలుస్తాను. ఇంటికెళ్లి అడిగాను. "చదువు తల్లీ. ఏదైనా మార్చాల్సొస్తే నాకు చెప్పి మార్చు" అన్నారు. ఆ మాటే కాగితం మీద రాసుకుని ఇద్దరం సంతకాలు పెట్టాం. ఆడియో వరకే హక్కు, ఎన్నాళ్లు, డబ్బులొస్తే ఎవరికెంత, అన్నీ అందులోనే. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు నోటిమాట మీద మొదలుపెట్టొద్దు.

మొదట కథంతా గట్టిగా చదివాను, పెన్సిల్ చేత్తో పట్టుకుని. నాలుక తడబడిన చోటల్లా గీత. ఒక వాక్యం ఇలా ఉంది: "పలాస బండి దిగి, గెడ్డ దాటి, చీకటి పడే వేళకి ఊళ్లోకొచ్చిన పక్కింటి కుర్రాణ్ణి చూసి ఆవిడ ఏడవలేదు." కంటికి ఎంత బాగుందో! వినేవాళ్లకి మాత్రం కుర్రాడు వచ్చేసరికే బండీ గెడ్డా జారిపోతాయి. రెండు వాక్యాలు చేశాను. మనసులో అనుకున్న మాటలు పత్రికలో ఒంటి కోట్స్‌లో ఉన్నాయి. కోట్స్ వినపడవు కదా, వాటిని మైక్‌కి దగ్గరగా జరిగి, గొంతు తగ్గించి చదివాను.

యాస జోలికి పోలేదు. "ఆడు రానేదు, ఇంక రాడు" అని ఉంటే అలాగే చదవాలి. "వాడు రాలేదు" అని దిద్దితే ఆ మనిషే మారిపోతుంది. అలాగని నవ్వించడానికన్నట్టు సాగదీయడం ఇంకా తప్పు. మా అమ్మమ్మ మాట్లాడే భాష అది.

నేను దెబ్బతిన్నది "అంది", "అన్నాడు" దగ్గర. గొంతు మారుస్తాను కాబట్టి ఎవరు మాట్లాడుతున్నారో తెలుస్తుందని చాలావరకు తీసేశాను. అది మామూలుగా చేసేదే. ఆ ఊపులో ఇదీ పోయింది: "అంది అప్పలమ్మ, చేట కింద పెడుతూ."

రాత్రి పదకొండు దాటాక, ఫ్యాన్ ఆపి, కిటికీకి బొంత కట్టి మూడు రాత్రులు రికార్డ్ చేశాను. మార్చినవన్నీ ఒక జాబితా రాసి, ఫైలుతో పాటు పంపాను. రెండో రోజు ఫోను.

"చేట ఏదమ్మా?"

నాకు అర్థం కాలేదు.

"కొడుకు కోసం ఏడాదిగా ఎదురుచూస్తున్న మనిషి. పొద్దుట్నుంచీ బియ్యం చెరుగుతూనే ఉంది. చేట కింద పెట్టిందంటేనే కదా, ఇంక రాడని ఒప్పుకున్నట్టు."

మళ్లీ తీసి చూశాను. నిజమే. కథలో అంతకుముందు నాలుగుచోట్ల చేట ఆమె చేతిలోనే ఉంది, నేను గమనించలేదు. ఎవరు మాట్లాడారో చెప్పే "అంది" వేరు, ఆ మనిషి ఏం చేసిందో చెప్పే "అంది" వేరు. తీసేసినవన్నీ ఒక్కొక్కటే మాస్టారికి ఫోన్లో చదివి వినిపించాను. అందులో మూడు మళ్లీ కథలోకి వచ్చాయి. ఇంకో తప్పు కూడా ఆయనే పట్టారు. "గెడ్డ"ని నేను "గడ్డ" అని పలికానట. వాగుని మా వైపు గెడ్డ అంటారు, తెలిసీ ఎలా పలికానో.

మొత్తం నాలుగు వాక్యాలు మళ్లీ చదవాలి. పగలు చదివితే గొంతు అతకదు, అతుకు ఇట్టే తెలిసిపోతుంది. అందుకే మళ్లీ పదకొండు దాటేదాకా ఆగి, బొంత కట్టి, మైక్‌కి అంతే జానెడు దూరంలో కూర్చున్నాను. "చేట కింద పెడుతూ" తర్వాత రెండు సెకన్లు ఏమీ మాట్లాడలేదు.