పెద్దచెరువు దగ్గర ఒక రాత్రి

ఉగాది ముందు కర్నూలులో మా వీధి మొదట చలివేంద్రం వెలుస్తుంది. రాయచూరు, బాగల్‌కోట, బెళగావి వైపు నుంచి కాలినడకన శ్రీశైలం వెళ్లే కన్నడ భక్తులకు మజ్జిగ పోయడం, చిత్రాన్నం పెట్టడం మా ఇంటి పండుగ పనుల్లో ఒకటి. ఏటా వాళ్ల కాళ్లకు నూనె రాసి సాగనంపేవాణ్ని. ఈసారి ఒక్క అడవి దారైనా వాళ్లతో నడవాలనిపించింది.

ఆత్మకూరు దాటి వెంకటాపురంలో దిగేసరికి ఇంకా తెల్లవారలేదు. 2022లో ఆ ప్రాంతం నంద్యాల జిల్లాలో కలిసింది గానీ, నా నోటికి ఇప్పటికీ కర్నూలు జిల్లానే వస్తుంది. నాగలూటి వీరభద్రస్వామికి దండం పెట్టుకుని లేచాక రాళ్ల దారి మొదలైంది. పెద్దపులులు తిరిగే నల్లమల. ఆకురాలిన చెట్ల కింద నీడ లేదు.

దామెర్లకుంట చేరకముందే ఎడమ మడమ మీద బొబ్బ లేచింది. ఒక బండ మీద కూలబడితే, వెనక వస్తున్న బాగల్‌కోట అవ్వ ఆగింది. "తమ్మా, కాలు ఇటు చాపు" అంది. రవికకు గుచ్చుకున్న సూది తీసి, దారం ఎక్కించి, బొబ్బను ఒక పక్క పొడిచి రెండో పక్కకు లాగింది. దారాన్ని లోపలే ఉంచి కొసలు పళ్లతో కొరికింది. నీరు ఆ దారం వెంట బొట్టు బొట్టుగా కారిపోయింది. ఆమె పాదాలకు పాత చీర పేలికలు చుట్టి ఉన్నాయి. ఇన్నేళ్లుగా ఎన్నో పాదాలకు నూనె రాశాను గానీ, నడక ఎంత బరువో ఆ పేలికలు చూసేదాకా తెలియలేదు. లేచేముందు ఎండు జొన్నరొట్టె ఫెళ్లున విరిచి, వేరుశనగ పొడి అద్ది చేతిలో పెట్టింది. అంత రుచి మళ్లీ ఎక్కడా తగలదు.

పొద్దు వాలే వేళకు పెద్దచెరువు చెంచుగూడెం చేరాం. అన్నదానం వాళ్లు వేడివేడి అన్నం, సాంబారు వడ్డించారు. టార్పాలిన్ల కింద దుప్పట్లు పరిచి, అందరూ మూటలు తలకింద పెట్టుకున్నారు. అవ్వ మాత్రం తన మూటను చెట్టుకొమ్మకు తగిలించి, తల కింద చెయ్యి పెట్టుకుని పడుకుంది. ఎందుకవ్వా అని అడిగాను. విప్పి చూపించింది. ఆకుపచ్చ చీర, గాజులు, పసుపు కుంకుమ.

"బిడ్డకు తీసుకుపోయే చీర నేల మీద పెడతామా తమ్మా?"

భ్రమరాంబ వాళ్లకు ఇంటి ఆడబిడ్డ, మల్లయ్య అల్లుడు. పండుగకు పుట్టింటి చీర అందాలి. దానికోసమే అన్ని రోజుల నడక.

మర్నాడు భీముని కొలను లోయలోకి దిగి, మళ్లీ మెట్లెక్కి కైలాసద్వారం చేరాలి. చెరువు మీది నుంచి చల్లగాలి వీస్తుంటే భజన వింటూనే నిద్రపోయాను. చీకటి ఉండగానే ఎవరో "చేదుకో మల్లన్నా" అని కేక పెట్టారు. కళ్లు తెరిచి కొమ్మ వైపు చూశాను. మూట అప్పటికే అవ్వ నెత్తి మీద ఉంది.