అంచు కుదిరిన రోజు

ఈ డైరీ పాత పేజీలు తిరగేస్తే సగానికి పైగా తలనొప్పులు, కరెంటు బిల్లులు, ఎవరో ఏదో అన్న మాటలే ఉన్నాయి. బాగున్న రోజు హాయిగా నిద్ర పట్టేస్తుంది కాబట్టి ఆ పేజీ ఖాళీగా ఉండిపోతుంది. బడి ఆఫీసులో పొద్దస్తమానం జమాఖర్చులు రాసే మనిషిని, సొంత పుస్తకంలో మాత్రం ఖర్చే రాసుకుంటున్నాను. ఈ రాత్రి నిద్ర ఆపుకుని జమ వైపు రాద్దామని కూర్చున్నాను.

పొద్దున విశేషమేమీ లేదు. మిర్చి సీజను కదా, ఎనుమాముల మార్కెట్టుకు వెళ్లే బండ్లు బస్తాలతో బారులు తీరాయి. ఆటోలో నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఎంజీఎం చౌరస్తా దాకా తుమ్ముతూనే ఉంది. ఆమె సంచిలో చపాటా మిర్చి ఉంది, మావైపు కొందరు టమాటా మిర్చి అంటారు. కారం తక్కువ, రంగు ఎక్కువ. పచ్చడికి ఆ ఎరుపు ఇంక దేనితోనూ రాదని, కావాలంటే వాసన చూడమని ఒకటి నా ముక్కు దగ్గర పెట్టింది. ఆ తర్వాత హనుమకొండ దాకా తుమ్మడం నా వంతు.

మధ్యాహ్నం ఒక తండ్రి ఫీజు విషయమై గొంతు పెంచుకుంటూ వచ్చాడు. కొన్నేళ్ల కిందట అయితే నా చేతిలో రసీదు పుస్తకం వణికేది, లోపలికి పరుగెత్తి సారును పిలుచుకొచ్చేదాన్ని. ఈరోజు కుర్చీ చూపించాను. లెడ్జరు ఆయన వైపు తిప్పి ఒక్కో పద్దూ వేలు పెట్టి చూపించాను. లెక్క సరిగానే ఉంది. ఆయన కోపం లెక్క మీద కాదు, అమ్మిన పత్తి డబ్బు ఇంకా చేతికి రాకపోవడం మీద. సారుతో మాట్లాడి రెండు వాయిదాల్లో కట్టేలా ఒప్పించాను. వెళ్లేముందు మంచినీళ్లు అడిగి తాగాడు.

అసలు సంగతి సాయంత్రానిది. కొత్తవాడలోని మా ఇంట్లో ఒక గదంతా మగ్గమే. మామయ్య జీవితమంతా దాని మీద జంపఖానాలు నేశారు. మోకాళ్లు మొరాయించాక మానేశారు, మగ్గం మేము బట్టలు ఆరేసుకోవడానికి పనికొచ్చింది. నేను నేర్చుకుంటానంటే నవ్వి, "కలం పట్టే చేతులు బిడ్డా, పేకను బిగించేస్తావు" అన్నారు. అన్నంత పనీ అయింది. జంపఖానాలో పడుగు, అంటే నిలువు దారం, కనబడదు; అడ్డంగా వేసే పేకే పైకి కనిపిస్తుంది. ఆ పేకను కాస్త లాగితే అంచు లోపలికి వంగిపోతుంది, వదులు చేస్తే పక్కన ఉచ్చుల్లా వేలాడుతుంది. దారాన్ని కొంచెం ఏటవాలుగా వదిలి అప్పుడు కొట్టాలి. ఎంత ఏటవాలు అంటే మామయ్య కూడా చెప్పలేరు, చేసి చూపిస్తారు.

రోజూ నేను మగ్గం మీంచి లేవగానే ఆయన ముందు అంచు దగ్గరికే వస్తారు. బొటనవేలు ఆనించి కింది నుంచి పైకి పోనిస్తారు. వంకర ఉన్నచోట వేలు ఆగుతుంది, "ఇక్కడ బిడ్డా" అంటారు. ఈరోజూ అలాగే వచ్చారు. వేలు ఎక్కడా ఆగలేదు. పైదాకా వెళ్లి చేయి తీసేసి, "ఈ ఎరుపు ఎక్కడ అద్దించారు? నూలుకు రంగు సరిగా పట్టలేదు" అని అద్దకం వాళ్ల మీద పడ్డారు.

ఆయన ఎవరినీ మెచ్చుకునే మనిషి కాదు. 2018లో వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపరు చదివి వినిపిస్తే, "నూలు ధర ఏమైనా తగ్గుతుందా?" అని అడిగారు. అలాంటి మనిషి అంచు వదిలేసి రంగు మీదికి పోయారంటే, నా అంచులో ఇక అనడానికి ఏమీ దొరకలేదన్నమాట! ఈ సంగతి నాకు వెంటనే తట్టలేదు, అన్నం తింటుంటే తట్టింది. ఆ వెనకే, మధ్యాహ్నం లెడ్జరు తిప్పినప్పుడు చేయి వణకలేదన్నదీ గుర్తొచ్చింది. ఈ రెండూ ఎప్పుడు వచ్చాయో నాకు తెలియదు. రాని రోజులు మాత్రం తారీఖులతో సహా ఈ డైరీలోనే ఉన్నాయి.

అంట్లు అలాగే వదిలేసి మగ్గం గదిలో లైటు వేసి మరోసారి చూసుకున్నాను. అత్తయ్య వచ్చి, ఏదో పోయిందనుకుని తనూ వెతకడం మొదలుపెట్టారు. సంగతి చెబితే, "ఇది చుట్టాలొచ్చినప్పుడే పరుద్దాం" అన్నారు. నేను మాత్రం పిల్లలు పడుకోవడానికే పరుస్తాను, ఆ గొడవ జంపఖానా మగ్గం దిగాక చూసుకుందాం.

ఆదివారం నుంచి రెండు రంగులు కలిసేచోట దారాలు ఒకదానిలో ఒకటి పెనవేయడం నేర్పిస్తానన్నారు మామయ్య. అంటే రంగు రంగుకూ మళ్లీ ఒక అంచు. ఆయన బొటనవేలికి చేతినిండా పని.