మెలిక తిరగని గోలీ

ఒంగోలులో మా హాల్లో ఇప్పుడొక ఇసుక బల్ల ఉంది. ప్లైవుడ్ మీద పల్చగా ఇసుక, అందులో 12 మిల్లీమీటర్ల బేరింగ్ గోలీ, కింద మోటార్లు లాగే అయస్కాంతం. అది ఎటు పోతే గోలీ అటు దొర్లుతూ గీత గీస్తుంది. మొదట కొత్తపట్నం బీచి ఇసుక పోస్తే ఉప్పుకి చెమ్మెక్కి గడ్డలు కట్టింది. నాలుగుసార్లు కడిగి, మిద్దె మీద ఎండబెట్టి, అమ్మ పిండి జల్లెడతో (అడక్కుండానే) జల్లించాక దారికొచ్చింది.

మొదటి బొమ్మ మెలికల ముగ్గు. గోలీ దారి మొత్తం 24 మీటర్లు. సెకనుకు 100 మిల్లీమీటర్లు పెట్టా, నాలుగు నిమిషాల్లో అయిపోయింది. కోసుగా తిరగాల్సిన మూలలు మాత్రం అరిగిన సబ్బుబిళ్లల్లా వచ్చాయి. గీత పక్కన లేవాల్సిన గట్టు చెదిరి పక్క గీతలో పడింది.

ఇక్కడే వారం పోగొట్టుకున్నా. మోటారు నుంచి అయస్కాంతాన్ని లాగే బెల్టు బిగించా. ఈ మోటారు చిన్న చిన్న అడుగులుగా (స్టెప్పులు) తిరుగుతుంది, అవి తప్పుతోందేమోనని లెక్క చూశా: చుట్టుకు 200 స్టెప్పులు, ఒక్కోదానికి 16 ముక్కలు, 20 పళ్ల పుల్లీ ఒక చుట్టు తిరిగితే బెల్టు 40 మిల్లీమీటర్లు జరుగుతుంది. అంటే మిల్లీమీటరుకు 80 ముక్కలు. అంతా సరిగ్గానే ఉంది. పైగా బొమ్మ అయ్యాక గోలీ బయల్దేరిన చోటికే వచ్చి ఆగుతోంది. స్టెప్పులు తప్పితే అలా రాదు కదా.

"ఏందిరా, మలుపు కాడ చెయ్యి నిదానించకుండా ముగ్గెవరు పెడతారు?" అంది అమ్మ.

ప్లైవుడ్ తీసి అక్రిలిక్ షీటు వేసి, చిటికెడు ఇసుక చల్లి, కింద నుంచి ఫోనుతో స్లో మోషన్ తీశా. అయస్కాంతం మూల తిరిగేసింది. గోలీ ఇంకా వెనకే ఉంది. మూలదాకా పోకుండా అడ్డదారిన పోయి దాన్ని అందుకుంటోంది.

వేగం 25కి తగ్గిస్తే మూలలు తేలాయి, కానీ పదహారు నిమిషాలు. ఆశకొద్దీ 10 పెట్టా. గోలీ ఆగి ఆగి ఉలిక్కిపడ్డట్టు కదిలి, గీత కుట్టుపని లాగా తయారైంది. చివరికి తిన్నటి గీతలకు 60, మెలికలకు 20 అని గోలీ దారి రాసుండే ఫైల్లో విడివిడిగా రాశా. పది నిమిషాలు పట్టింది.

నడిమి తామర మాత్రం ఎంత నిదానంగా తిప్పినా ముద్దే. రేకుల మధ్య ఆరు మిల్లీమీటర్లే సందు, గోలీ తవ్వే గాడి అంతకంటే వెడల్పు. 8 మిల్లీమీటర్ల గోలీ తెప్పించా. ఈ ప్లైవుడ్ మందంలో అయస్కాంతం దాన్ని వదలకుండా పట్టుకుంటుందో లేదో ఆదివారం చూడాలి.