వార్డు పక్కన చాపెల్

చిన్నమ్మ ఆపరేషన్ బాగైంది, ఇప్పుడు నడుస్తున్నది. నల్లగొండలో క్రైస్తవ సిస్టర్లు నడిపే ఆ పాత ఆస్పత్రిలో నేను ఎక్కువసేపు కూర్చున్నది మాత్రం చాపెల్‌లనే, అంటే చిన్న ప్రార్థన గదిల. పొడుగాటి కిటికీలు, ఎత్తు కప్పు, వార్డు వరండాలకే తలుపు. మరియమాత ముందు తలమీద కొంగేసుకున్న ఒక పెద్దమ్మ, బురఖాలో ఒక అక్క. నీది ఏ మతమని ఎవరూ అడగలే.

వార్డునానుకొని చాపెల్ కట్టుడు చాలా పాత పద్ధతి. ఫ్రాన్స్‌లోని బోన్ ఊర్ల 1443లో నికొలా రొలాఁ, ఆయన భార్య గిగోన్ పేదల కోసం ఆస్పత్రి పెట్టిన్రు. పెద్ద హాలుల రెండు వరుసల మంచాలు, ఆ హాలు కొసకే చాపెల్. లేవలేని రోగి పండుకున్నకాడి నుంచే పూజ చూసేటోడు. అప్పుడు మందులకన్నా ప్రార్థన మీదనే భరోసా ఎక్కువ. బలిపీఠం మీద రోజియర్ వాన్ డెర్ వైడెన్ గీసిన తుది తీర్పు బొమ్మ, అంటే లోకం అంతమైనప్పుడు దేవుడు అందరికీ తీర్పు చెప్పుడు, నరకంతో సహా! జ్వరంతో ఉన్నోళ్లకు అది చూపెట్టుడు నాకైతే జర కఠినమే అనిపించింది.

మన దగ్గర ఆ చోటు రోగి కన్నా వెంట వచ్చినోళ్లకే ఎక్కువ పనికొస్తది. వార్డుల ఏడిస్తే రోగి భయపడ్తడు, వరండాల ఏడిస్తే అందరూ చూస్తరు. కొత్త కార్పొరేట్ ఆస్పత్రులల్ల ఫార్మసీకి, క్యాంటీన్‌కు జాగ దొరుకుతది గానీ, ఇసొంటి గది ఎక్కువగా కనబడదు.