సంగమేశ్వరం గుడి చూడబోతే

కృష్ణ నీళ్లు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడిందని వాట్సాప్‌లో ఫొటోలు చూసి బయల్దేరాం. ఆత్మకూరు దాకా ఇబ్బంది లేదు. అక్కడి ఆటోవాడు ఎక్కేటప్పుడు బండికింత అని, దిగాక మనిషికింత అన్నాడు. ఆ కోపంలోనే వేపదారు లింగానికి దండం పెట్టాను. అవతల సోమశిలకు వెళ్లే బోటు రేటు విన్నాక ఆ ఆశా వదిలేసి, ఒడ్డునున్న జాలర్ల గుడిసెల వైపు నడిచాం.

తుమ్మచెట్టు కింద ఓ పెద్దాయన తెగిన వల బాగుచేసుకుంటున్నాడు. కాలి బొటనవేలికి ఒక కొస తగిలించుకొని, చూడకుండానే ముడులు వేస్తున్నాడు. మాట మన వైపుది కాదు. శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి వచ్చాడట. ఇక్కడికి రాకముందు గుజరాత్ వేరావల్‌లో బోట్ల మీద కలాసీ.

"అక్కడ మా వలలో తిమింగలం సొర పడింది బాబూ. బోటంత ఉంది" అన్నాడు.

పేరులో తిమింగలం ఉన్నా అది చేపే. అంత నోరు పెట్టుకొని నీళ్లలోని సన్న జీవుల్ని వడగట్టి తింటుంది, మనిషి జోలికి రాదు. ఒకప్పుడు గుజరాత్ తీరంలో దాని కాలేయం నూనె కోసం, మాంసం కోసం వేటాడేవాళ్లు. నూనెను పడవలకు పూసేవాళ్లు. 2001లో ప్రభుత్వం దానికి పులితో సమానమైన రక్షణ ఇచ్చింది. దాన్ని కాపాడాలని 2004లో మొదలైన ప్రచారంలో రామకథలు చెప్పే మొరారీ బాపు అది కాన్పుకు పుట్టింటికొచ్చే ఆడబిడ్డ లాంటిదని చెప్పాడు. జాలర్లకు చట్టం కంటే ఆ మాటే తొందరగా ఎక్కిందట.

"మా బోటు నడిపే తండేలు ముందు దాన్ని తిట్టాడు, తర్వాత మమ్మల్ని తిట్టాడు, ఆనక కత్తి తెమ్మన్నాడు. వల కోసేశాం. ఫొటో తీసి చూపిస్తే వలకు పరిహారం ఇస్తారు కదా."

"మీకెంత వచ్చింది?"

"వల ఓనరుది, డబ్బూ ఓనరుదే. ఫొటో తీసింది మాత్రం నేను" అని నవ్వాడు.

పక్కనే పట్టా మీద ఆరబోసిన చేపలు కనబడ్డాయి. ఒక్కోటి చిటికెన వేలంత కూడా లేదు. కొన్ని గాలికి ఎగిరి ఇసుకలో పడుతున్నాయి. అలివి వల పని. దోమతెరంత సన్న కన్నాలు కాబట్టి పిల్లా జెల్లా అన్నీ వచ్చేస్తాయి. నిషేధం ఉంది, ఉన్నా వేస్తూనే ఉన్నారు. పెరిగితే కిలోల లెక్కన తూగే బొచ్చెలు కూడా ఇందులో ఉంటాయి. నాకు ఉండబట్టలేక అడిగేశాను, అంత పెద్దదాన్ని వదిలేసిన చేతులు వీటిని ఎలా పడతాయని.

ఆయనకు కోపం రాలేదు. "అక్కడ వల కోస్తే డబ్బిచ్చారు. ఇక్కడ అలివి మానేస్తే షావుకారు అప్పు ఎవరు తీరుస్తారు బాబూ?"

నా దగ్గర జవాబు లేదు. ఆ షావుకారు ఎవరో, ఆ అప్పు ఎంతో చెప్పమంటే మాత్రం వల వైపు చూపు తిప్పేసుకున్నాడు.

ఇంటికి బొచ్చె కొందామంటే, పెద్దవన్నీ పొద్దున్నే షావుకారు బండికి పోతాయట. మిగిలింది ఆ ఎండుచేపలే. నేను వద్దంటున్నా మా ఆవిడ బేరం మొదలుపెట్టింది. కర్నూలు మార్కెట్ కంటే ఎక్కువే చెప్పారు.